హైలీ సెలాసీ దేశము విడిచిన తీరు

1936వ సంవత్సరము మే నెల 2వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, ఆడిస్ అబాబా స్టేషనునుండి యొక రైలు సముద్రతీరమందలి జిబూటీకి కదలెను. అందు అబిసీనియా చక్రవర్తియు, రాణియు, బిడ్డలును, కొందరు ప్రభువులును ఉండిరి. ఇటలీ సైన్యము మూడునాళ్లలో రాజధానిని చేరనుండెను. ఆ దేశపు రాజులకు ఇట్టి సమయమున నడచుటకు వేరొక మార్గము కలదు. 1868లో ఆంగ్లసైన్యము తన కోటను పట్టుకొనినపుడు తెవొద్రోసు చక్రవర్తి లొంగక తన్ను తానే కాల్చుకొనెను. ఆ సైన్యము బొంబాయినుండి కదలిన దనియు, అందు మన సిపాయిలు పెక్కుమంది యుండిరనియు చదువరులు మరువరాదు. 1889లో యోహన్నెసు చక్రవర్తి యుద్ధభూమిలోనే ప్రాణము విడిచెను. హైలీ సెలాసీ మాత్రము ఓడ యెక్కెను. అది పిరికితనమా, రాజనీతియా యను తగవు ఆ రైలు కదలకముందే పుట్టినది. ఆ తగవులో మాటాడుటకు ఎవరికి హక్కు కలదో, ఎవరికి లేదో విచారించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆయన తొలిపేరు తఫారీ. 1892 జూలై 23వ తేదీన హరార్ నగరమునకు చేరువ నొక పల్లెలో జన్మించెను. తండ్రి రాస్ మకొన్నెన్. రాస్ అనునది ఆ దేశమున సామంతప్రభువుల కిచ్చు బిరుదు. మకొన్నెన్ ప్రభువు మెనెలిక్ చక్రవర్తికి దగ్గర చుట్టము, నమ్మిన సేనాని. 1896లో అడువాకడ అబిసీనియా సేనలు ఇటలీ సైన్యమును చిత్తుగా ఓడించినపుడు ఆయన ఆ రణమున నుండెను. తఫారీ నాటికి నాలుగేండ్లయినను నిండని బిడ్డ. ఒక యూరపు రాజ్యము ఆఫ్రికావారిచేత నట్లు భంగపడుట నాటివారికి నమ్మరాని మాట. గెలిచినవారు ఆ దినమును పండుగ చేసికొనిరి. ఓడినవారు దానిని నలువదేండ్లు కడుపులో దాచుకొనిరి.

తఫారీ ఫ్రెంచి మతబోధకులకడ చదువుకొనెను. ఫ్రెంచిభాష ఆయనకు బాగుగ వచ్చును. ఒడ్డు పొడుగు లేని సన్నని మనిషి. మాట తక్కువ, ఓర్పు ఎక్కువ. 1916లో ప్రభువులు యువరాజగు ఇయాసును తొలగించి, మెనెలిక్ కుమార్తె జవుదితును సింహాసన మెక్కించి, ఇరువదినాలుగేండ్ల తఫారీని రాజ్యపాలకునిగ నియమించిరి. 1930లో ఆమె మరణింపగా ఆయన హైలీ సెలాసీ యను పేర చక్రవర్తి యయ్యెను. మరుసటి యేట ఒక రాజ్యాంగ శాసనమును ప్రసాదించెను గాని అందు ప్రజలకు దక్కినది స్వల్పము.

ఆయన జీవితమును తీర్చినది కత్తికాదు, కాగితము. నానాజాతిసమితిలో చేరినచో తన దేశము పెద్దరాజ్యముల పంక్తిలో కూర్చుండు ననియు, పొరుగువారి యాశకు అదియే కంచె యగు ననియు తలచెను. అబిసీనియాలో బానిసత్వము కలదని ఇంగ్లండు మొదట అభ్యంతరము చెప్పెను. చిత్ర మేమనగా, నాడు ఆ దేశమును సమితిలో చేర్చుకొనుటకు మద్దతు పలికినవారిలో ఇటలీయు నొకటి. 1923లో ప్రవేశము దొరకెను. రెండేండ్లు గడచిన కొలదికాలమునకే ఇంగ్లండును ఇటలీయు తమలో తాము కొన్ని లేఖలు వ్రాసికొనెను. ఠానా సరస్సుపై ఆనకట్ట ఇంగ్లండునకు, అబిసీనియా మీదుగా రైలుమార్గము ఇటలీకి నని వాటి సారాంశము. రెండు కమతములవారు నడుమనున్న రైతుతో మాటమాత్రమైన చెప్పక అతని చెరువునీరు పంచుకొనుటకు ఒడంబడినట్లుండెను. తఫారీ సమితికి నిరసనలేఖ పంపెను. ఆ రెండు ప్రభుత్వములును సిగ్గుపడి, బలవంతపెట్టు తలంపు తమకు లేదని సంజాయిషీ చెప్పుకొనెను. కాగితముతో గెలువవచ్చునని ఆయన నేర్చిన పాఠ మిది. ఎదుటివాడు సిగ్గుపడునంతకాలము ఆ పాఠము సత్యమే.

1934 డిసెంబరు 5వ తేదీన వాల్‌వాల్ అనుచోట నీటిబావులకడ ఇటలీ పక్షపు సిపాయిలకును అబిసీనియా వారికిని కొట్లాట జరిగెను. ఆ బావులు సరిహద్దునకు ఎంతో లోపల, అబిసీనియా నేలలో నున్నవి. అయినను ఇటలీ నష్టపరిహారమును, క్షమార్పణమును కోరెను. చక్రవర్తి తగవును సమితిముందు పెట్టెను. సమితి తొమ్మిది నెలలు విచారించి, తప్పు ఎవరిదియు కాదని తేల్చెను. ఈలోపల ఇటలీ సేనలు సుయెజ్ కాలువ గుండ ఓడలకొలది దాటి ఎరిత్రియాలో దిగుచుండెను. ఇంగ్లండు, ఫ్రాన్సులు ఉభయపక్షములకును ఆయుధము లమ్మ మనెను. వినుటకు ధర్మముగనే యుండును. కాని ఒకరికి సొంత ఫిరంగి కార్ఖానాలు కలవు, ఒకరికి మందుగుండు సయితము కొని తెచ్చుకొనవలసినదే.

1935 అక్టోబరు 3న యుద్ధప్రకటన మైనను లేక ఇటలీ సేనలు మరెబ్ నదిని దాటెను. అంతట పశ్చిమదేశములలో పెద్ద చర్చ చెలరేగెను. ఇంగ్లండు ప్రజలలో హెచ్చుపాలు అబిసీనియా పక్షమే. ఆ యేడే అచ్చట జరిగిన శాంతి అభిప్రాయ సేకరణములో కోటికి పైగా జనులు పాల్గొని, వారిలో అత్యధికులు దురాక్రమణను అడ్డవలెననిరి. పాలకుల మాట వేరు. హిట్లరును ఎదుర్కొనవలసివచ్చినపుడు ముసోలినీ తమవంక నుండవలె నని వారి యెత్తు. ఆ యెత్తును ఉన్నదున్నట్లు చెప్పలేనివారు అబిసీనియాలో బానిసలున్నారనియు, ప్రభువులు చక్రవర్తి మాట వినరనియు, అట్టి దేశమునకు స్వాతంత్ర్యము తగునా యనియు ప్రశ్నింపసాగిరి. బానిసత్వ మున్నమాట నిజము. ప్రభువులలో ద్రోహు లున్నమాటయు నిజము. చక్రవర్తి అల్లుడే, హైలీ సెలాసీ గుగ్సా యనువాడు, యుద్ధము మొదలైన కొలదిదినములకే శత్రువుతో కలిసెను. కాని ఈ దోషములు 1923లో సమితిలో చేరినపుడును కలవు గదా! ఇల్లు దోచువాడు వచ్చినపుడే ఇంటి యజమానుని నడవడిని గూర్చిన విచారణ మొదలగుట యేమి న్యాయము?

సమితి ఇటలీని దురాక్రమణదారుగ నిర్ణయించెను. నవంబరు 18 నుండి ఆర్థికనిర్బంధములు విధించెను. వాటిలో చమురు లేదు, బొగ్గు లేదు, ఉక్కు లేదు. సుయెజ్ కాలువ మూయలేదు. సుంకము చెల్లించి ఇటలీ ఓడలు యథేచ్ఛగ సాగెను. డిసెంబరులో ఇంగ్లీషు విదేశాంగమంత్రి హోరును, ఫ్రెంచి ప్రధాని లవాలును కూడి, అబిసీనియాలో పెద్దభాగమును ఇటలీ కిచ్చి, అబిసీనియాకు సముద్రమునకు పోవు ఇరుకు దారి నొకదానిని విడుచు నట్లు రహస్యముగ ఒప్పందము చేసికొనిరి. పారిసు పత్రికలు దానిని బయట పెట్టెను. ఇంగ్లండులో పుట్టిన ఆగ్రహమునకు హోరు పదవి పోయెను. అతని స్థానమున ఈడెన్ వచ్చెను. చమురు మాత్రము ఆగలేదు.

చక్రవర్తి రాజధానిలో కూర్చుండలేదు. నవంబరు చివర దెస్సీ నగరమునకు పోయి యచ్చట పాళెము దిగెను. డిసెంబరు 6న ఇటలీ విమానములు ఆ యూరిపై బాంబులు కురిపించినపుడు ఆయన స్వయముగ మరతుపాకి పట్టి విమానములపై కాల్చెను. ఆ నెలనుండియే ఇటలీవారు విషద్రవము వాడ నారంభించిరి. మొదట పీపాలలో పడవేసిరి. తరువాత విమానములనుండి వానవలె చిలికించిరి. అది తగిలిన ఒడలు బొబ్బలెక్కును, కన్నులు పోవును, చెరువులు, పచ్చికబయళ్లు విషమయ మగును. దానిని వాడబోమని 1925లో జెనీవాలో చేసిన ఒడంబడికకు ఇటలీయు కట్టుబడినదే. కాళ్లకు చెప్పులులేని సిపాయి పచ్చికపై నడచి చచ్చు టెట్టిదో యూరపు మంత్రులకు తెలియక పోలేదు. రెడ్‌క్రాసు వైద్యులు వ్రాయుచునే యుండిరి.

1936 మార్చి 31న మైచౌ వద్ద చక్రవర్తి తన స్వంత అంగరక్షక దళముతో శత్రువుపై పడెను. పగలెల్ల పోరు సాగెను. సంధ్యవేళకు ఆయన సేనలు విరిగెను. వెనుదిరిగిన వారిని అషాంగి సరస్సు గట్లపై విమానములు వెంటాడి చంపెను. ఆయన దారిలో లాలిబెలాకు పోయి, కొండ తొలిచిన ఆ దేవాలయములలో ప్రార్థనకై ఆగెను. శత్రువు తరుముచుండగా అది దండుగ కాలక్షేప మని తరువాతివారు కొందరనిరి. ఒక రాజునకు ఆ దినములలో ఎవరితోనైన మాటాడవలెననిన, దైవము తప్ప ఎవరు మిగిలిరో వారు చెప్పరు.

ఏప్రిల్ 30న రాజధాని చేరెను. పెద్దలతో సభ జరిగెను. తాను పడమటనున్న గోరే పట్టణమునకు పోయి యుద్ధము సాగింతునని చక్రవర్తి మొదట తలచెను. రాస్ కస్సా మున్నగువారు జెనీవాకు పోవలెననిరి. రాజు చిక్కినచో దేశము చిక్కినట్లే యనియు, ప్రాణములతో నున్నంతకాలము హక్కు బ్రతికియుండు ననియు వారి వాదము. నగరపాలనాధికారి తకెలే వొల్దె హవారియత్ గట్టిగ నెదిరించెను. రాజు దేశమున లేకున్న జనులు ఎవరిని చూచి పోరుదురని ఆయన ప్రశ్న. ఇరువదియొక్కరు పోవలెననిరి, ముగ్గురు వలదనిరి. చక్రవర్తి హెచ్చుమంది మాటకు లోబడి, రాస్ ఇమ్రును ప్రతినిధిగ నియమించి రైలెక్కెను. ఆ ముగ్గురి మాట తేలిక మాట కాదు. రాజు కదలెనని తెలిసినంతనే నగరమున దోపిళ్లు, గృహదహనములు జరిగెను. మే 5న బడోల్యో సేనలు ప్రవేశించెను.

ఇంగ్లీషు యుద్ధనౌక ఆయనను జిబూటీనుండి హైఫాకు చేర్చెను. అటుపై జిబ్రాల్టరువరకే మరొక యుద్ధనౌక వచ్చెను. అచ్చటనుండి సామాన్య ప్రయాణికుల ఓడలో ఇంగ్లండు చేరవలసివచ్చెను. లండను స్టేషనులో జనసమూహము జయధ్వానములు చేసెను. అధికారుల స్వాగతము మాత్రము ముక్తసరిగ నుండెను. జూన్ 30న జెనీవాలో ఆయన వేదిక నెక్కగనే ఇటలీ విలేఖరులు ఈలలు వేసి బూతులాడిరి. వారిని గెంటివేయువరకు ఆయన కదలక మెదలక నిలిచెను. ఫ్రెంచి వచ్చియు అమ్హారికు భాషలోనే మాటాడెను. విషవర్షమును వర్ణించెను, చిన్నరాజ్యములకు పెద్దలిచ్చిన వాగ్దానముల విలువ యెంతయని యడిగెను, తన ప్రజలకు తాను తీసికొనిపోవలసిన సమాధాన మేదియని ప్రశ్నించెను. సమాధానము రెండువారములలో వచ్చెను: జూలై 15న నిర్బంధములు ఎత్తివేయబడెను.

తరువాత నాలుగేండ్లు ఆయన ఇంగ్లండులో బాత్ నగరమున నొక యింట నుండెను. చలికి బొగ్గు కొనుటకు సయితము వెనుకాడు స్థితి. తంతివార్తల కంపెనీ యొకటి అబిసీనియాకు చెల్లింపవలసిన సొమ్ముకై ఆయన లండను కోర్టులో దావా వేసెను. వ్యవహారములు నడపిన మన పాఠకులు ఈ కథ వినవలెను. 1938 జూలైలో న్యాయమూర్తి దావా ఆయన పక్షమున తీర్చెను. అప్పీలు నడచుచుండగనే, నవంబరులో బ్రిటిషు ప్రభుత్వము ఇటలీరాజును అబిసీనియా చక్రవర్తిగ గుర్తించెను. డిసెంబరులో అప్పీలుకోర్టు డిక్రీని తిరుగవేసెను. కోర్టు ధర్మము తప్పలేదు. వాది హక్కునే రాజ్యము మాయము చేసెను.

ఈలోపల దేశమున నిలిచినవారి గతి యెట్టిది? బిషప్ పెత్రోసు ఇటలీకి లొంగు మని జనులకు చెప్ప నిరాకరించినందున 1936 జూలైలో కాల్చబడెను. రాస్ ఇమ్రు డిసెంబరువరకు పోరి పట్టువడెను. చక్రవర్తి మరియొక అల్లుడు రాస్ దెస్తా 1937 ఫిబ్రవరిలో చంపబడెను. ఆ నెల 19న రాజప్రతినిధి గ్రజియానీపై బాంబు పడినందుకు ప్రతిగ మూడుదినములు ఆడిస్ అబాబాలో కనబడినవారిని కనబడినట్లు నరికిరి, ఇండ్లు తగులబెట్టిరి. అయినను షోవాలో అబెబె అరెగాయి, గొజ్జాములో బెలాయి జెలెకె మున్నగువారు కొండలు పట్టి అయిదేండ్లు పోరిరి. రాజు విడిచిపోయెనని నిందించినవారును, ఆయన పేరిటనే పోరినవారును ఆ కొండలలో ఒకే గుహలో నిదురించిరి.

1940 జూన్‌లో ఇటలీ జర్మనీతో కలసి యుద్ధమున దిగగనే హైలీ సెలాసీ హక్కు ఇంగ్లీషువారికి మరల జ్ఞప్తికి వచ్చెను. ఆయనను విమానమున ఈజిప్టు మీదుగ సూడానునకు చేర్చిరి. 1941 జనవరి 20న ఆయన సరిహద్దు దాటి స్వదేశమున అడుగిడెను. ఉత్తరమున కెరెన్ కొండలకడ కఠినయుద్ధము చేసి దారి తెరచినవారిలో మన నాలుగవ, అయిదవ భారత డివిజనుల సిపాయిలు ముఖ్యులు; తమ దేశమునకు లేని స్వాతంత్ర్యమును వేరొక దేశమునకు గెలిచియిచ్చి, పెక్కుమంది యచ్చటనే మట్టిలో కలసిరి. మే 5న, బడోల్యో ప్రవేశించిన దినమునకు సరిగ అయిదేండ్లకు, చక్రవర్తి రాజధాని చేరెను. విడిపించినవారు వెంటనే విడువలేదు. 1942 జనవరి ఒప్పందమున బ్రిటిషు సలహాదారుల అధికారమే హెచ్చు. ఒగడెన్ ప్రాంతమును సంపూర్ణముగ వదలుటకు 1950 దాటి కొన్నేండ్లు పట్టెను.

మా యభిప్రాయమున ఆయన వెడలుట తప్పు కాదు. జెనీవాలో ఆ నిలువు నిలువకున్నచో అబిసీనియా కథ చడిచప్పుడు లేక ముగిసియుండును. తలుపులన్నియు మూసి, పిమ్మట ఆయన ధైర్యమును తూచ కూర్చున్న పాశ్చాత్యులకు ఆ తగవులో నోరెత్తు హక్కు లేదు. హక్కు గలవారు వేరు. వారు కొండలలో పోరినవారు. ఆయన తప్పు అచ్చట జరిగెను. తిరిగివచ్చిన పిదప పరదేశమున తనతో నున్నవారికిని, ఇటలీవారిని కొలిచినవారికిని సయితము కొలువులు దొరకెను. పోరిన పెక్కుమందికి మొండిచేయి. బెలాయి జెలెకెను 1945లో తిరుగుబాటు నేరమున ఉరితీసిరి. రైలెక్కవలదన్న తకెలే పలుమారులు చెరసాల చూచి, 1969లో తన్ను పట్ట వచ్చిన ప్రభుత్వభటులతో కాల్పులు జరుపుచు చనిపోయెను. ఇరువదియొక్కరును ముగ్గురును నిర్భయముగ మాటాడిన ఆ 1936 నాటి సభవంటిది మరల ఆ కోటలో కూడలేదు.

1973లో వొల్లో రాష్ట్రమున కరవు వచ్చి జనులు వేలకొలది చచ్చుచుండగా, దాని సంగతి దాచిపెట్టిన ప్రభుత్వము ఆయనదే. 1974 సెప్టెంబరు 12న సైనికులు ఆయనను తొలగించి చిన్న వోక్స్‌వ్యాగన్ కారులో కోటనుండి తీసికొనిపోయిరి. మరుసటి ఆగస్టులో మరణించెను. అస్థికలు 1992లో కోటనేలక్రింద దొరకెను. 2000 నవంబరు 5న ఆడిస్ అబాబాలోని ట్రినిటీ దేవాలయమున భూస్థాపనము చేసిరి. ఇటలీపై పోరిన దేశభక్తుల సమాధులును ఆ ప్రాంగణముననే యున్నవి.