పోస్టులో వచ్చిన కాలిక్యులస్



పిల్లల్ని పడుకోబెట్టి, రేపటి ఇడ్లీ పిండి ఒకసారి చూసుకుని, రాత్రి తొమ్మిదిన్నరకి ల్యాప్‌టాప్ తెరిచే అమ్మలు మన పేరెంట్స్‌లో ఉన్నారు. మీటింగులకి వచ్చినప్పుడు మాటల మధ్యలో మీరే చెబుతుంటారు. డిగ్రీ అయ్యాక పెళ్ళి, ఆ వెంటనే పిల్లలు, చూస్తుండగానే ఏడెనిమిదేళ్ళ గ్యాప్. ఇప్పుడు ఏదో ఒక ఆన్‌లైన్ కోడింగ్ బూట్‌క్యాంప్‌లో చేరి, ఐటీలో మొదటి మెట్టు ఎక్కాలని ప్రయత్నం. ఉన్న ఉద్యోగం నచ్చక ఇదే దారి పట్టిన నాన్నలూ ఉన్నారు. ప్రతి నెలా ఈ పేజీలో ఒక గొప్ప మనిషి జీవితం చెప్పి పిల్లల పెంపకం గురించి మాట్లాడుకుంటాం. ఈ నెల జీవితం మాత్రం పిల్లల కోసం కాదు, మీ కోసం.

ఆమె పేరు అడా లవ్‌లేస్. ప్రపంచంలో తొలి కంప్యూటర్ ప్రోగ్రామర్ అని జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఒక్క లైనులో రాసేస్తారు, మీ పిల్లలు క్విజ్ కోసం బట్టీ కూడా పట్టి ఉంటారు. ఆ లైను వెనక ఉన్న సంగతి ఏమిటంటే, ఆమె అసలు చదువు మొదలయ్యే నాటికి వయసు ఇరవై నాలుగు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి నాలుగేళ్ళు, చిన్నవాడికి ఏడాది. కాలేజీకి వెళ్ళే వీలు లేదు, వెళ్దామన్నా ఆడవాళ్ళని చేర్చుకునే యూనివర్సిటీ ఇంగ్లండ్‌లో ఒక్కటీ లేదు. పాఠాలన్నీ పోస్టులోనే వచ్చాయి.

1815 డిసెంబరు 10న లండన్‌లో పుట్టింది. తండ్రి ఆ కాలంలో యూరప్ అంతా పేరు మోగిన కవి, లార్డ్ బైరన్. బిడ్డకి నెల దాటిందో లేదో, తల్లి ఆమెను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ ఏప్రిల్‌లో బైరన్ దేశం విడిచి వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు. కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు గ్రీసులో చనిపోయాడు. తల్లి ఆనబెల్లాకి లెక్కలంటే ప్రాణం, పైగా భర్త మీద కోపం. కవి నెత్తురు కూతురిలో తలెత్తకుండా ఉండాలంటే చిన్నప్పటి నుంచి గణితం నూరిపొయ్యాలని ఆమె గట్టి నమ్మకం. తండ్రి బొమ్మ మీద తెర కప్పి ఉంచిన ఇల్లు అది. పిల్లలకి ఏది నేర్పాలన్న నిర్ణయం కొన్నిసార్లు పిల్లల్ని చూసి కాక, మన పాత గాయాల్ని చూసి జరుగుతుంది. ఆనబెల్లా విషయంలో అదే జరిగిందనిపిస్తుంది.

పన్నెండేళ్ళకి పక్షుల రెక్కలు పరిశీలించి ఎగిరే యంత్రం గీసింది అడా. పదమూడేళ్ళకి తట్టు వచ్చి కాళ్ళు పడిపోయాయి, చాలాకాలం మంచం మీదే. చదువు ఆగింది, సాగింది, మళ్ళీ ఆగింది. పదిహేడేళ్ళప్పుడు, 1833 జూన్‌లో, చార్లెస్ బాబేజ్ అనే గణితవేత్త పరిచయమయ్యాడు. ఆయన ఇంట్లో పళ్ళచక్రాలతో లెక్కలు చేసే యంత్రం ఒక భాగం ఉంది. వచ్చిన అతిథులు దాన్ని వింత బొమ్మలా చూసి వెళ్ళేవారు. ఈ అమ్మాయి అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకుంది. రెండేళ్ళలో పెళ్ళయింది. 1836లో కొడుకు, 1837లో కూతురు, 1839లో ఇంకో కొడుకు. రెండో కాన్పు తర్వాత నెలల తరబడి జబ్బు. ఇక్కడిదాకా ఈ కథ మీలో చాలామందికి తెలిసిన కథే.

మూడో కాన్పు అయిన ఏడాదే బాబేజ్‌కి ఉత్తరం రాసి, తనకో లెక్కల మాస్టారిని చూసిపెట్టమని అడిగింది. చివరికి 1840 వేసవిలో కుదిరిన మాస్టారు ఆగస్టస్ డీమోర్గాన్. ఈ పేరు మీరు ఇంతకుముందే విన్నారు. కోడింగ్ నేర్చుకుంటుంటే మొదటి వారాల్లోనే మళ్ళీ వింటారు. ఒక షరతు ముందు నాట్ పెట్టి బ్రాకెట్ విప్పినప్పుడు లోపలి అండ్ కాస్తా ఆర్ అయిపోతుందని చెప్పే న్యాయం ఈయన పేరు మీదే ఉంది. ఇంకో విశేషం, ఈయన పుట్టింది మన దక్షిణాదిలోనే. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి, 1806లో మదురైలో పుట్టి, ఏడు నెలల పసివాడిగా ఇంగ్లండ్ వెళ్ళాడు. తర్వాత ఎన్నో ఏళ్ళకి ఢిల్లీ ఉపాధ్యాయుడు రామచంద్ర రాసిన గణిత గ్రంథాన్ని లండన్‌లో మళ్ళీ అచ్చు వేయించడానికి పూనుకున్నదీ ఈయనే. మొత్తానికి దూరాన ఉన్న విద్యార్థిని పట్టించుకునే గుణం ఉన్న మనిషి.

అదే 1840 జనవరిలో బ్రిటన్‌లో పెన్నీ పోస్టు వచ్చింది. అంతకుముందు దూరాన్ని బట్టి, కాగితాల లెక్కన ఛార్జీ, అదీ తరచు అందుకున్నవాళ్ళే కట్టాలి. ఇప్పుడు అర ఔన్సు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీ. మనకి చవక డేటా వచ్చాక ఆన్‌లైన్ క్లాసులు ఎలా విస్తరించాయో గుర్తు తెచ్చుకోండి. అప్పటి వాళ్ళకి పెన్నీ పోస్టు అలాంటిది. లవ్‌లేస్ దంపతులకి డబ్బుకి లోటు లేదు, దాదులూ నౌకర్లూ ఉన్నారు, అది కాదనలేం. మన ఇళ్ళలో పనిమనిషి ఒక్కరోజు రాకపోతేనే క్లాసు మిస్సవుతుంది.

పద్ధతి ఇది. అవకలనం, సమాకలనం మీద డీమోర్గాన్ రాస్తున్న పెద్ద పాఠ్యపుస్తకం అప్పుడు భాగాలుగా వెలువడుతోంది. ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ వరకు చదివి, లెక్కలు చేసి, ఆగిపోయిన చోట ఉత్తరం రాయాలి. ఆయన జవాబు రాస్తాడు. ఆమె లండన్ వచ్చినప్పుడు ఎప్పుడైనా ముఖాముఖి. అంతే. ఆ ఉత్తరాలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తొలి ప్రోగ్రామర్‌గా పేరు పొందిన ఈ మనిషి కొన్నిచోట్ల మన ఇంటర్ పిల్లలు తడబడే దగ్గరే తడబడింది. ప్రమేయ సమీకరణాలు ఆమెని ఏడిపించాయి. ఒక సమీకరణంలో ఒక రాశి బదులు ఇంకోటి ప్రతిక్షేపించడం దగ్గర ఎంతకీ దారి దొరకలేదు. ఏది తెలియడం లేదో దాచకుండా రాసింది. ఇంకా వేగంగా ముందుకు పోలేకపోతున్నానని వాపోయింది. డీమోర్గాన్ తొందరపెట్టలేదు. పునాదిలో సందు కనిపించిన చోటల్లా వెనక్కి తీసుకెళ్ళి ఓనమాలు దిద్దించాడు. పిల్లల తల్లి, హోదాలో కౌంటెస్, అయినా ఆ పద్ధతికి ఒప్పుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీ కోర్సు సంగతి చూద్దాం. ఎన్ని గంటల వీడియోలు, ఎన్ని వారాల్లో పూర్తి, ఎన్ని ప్రాజెక్టులు అని ప్రకటనలో ఉంటుంది. మీరు రాసిన కోడ్ చదివేది ఎవరు, ఎన్ని రోజుల్లో చదువుతారు, తప్పు ఎక్కడుందో చెబుతారా లేక సరైన జవాబు పంపించి ఊరుకుంటారా అన్నది ఉండదు. ఫీజు కట్టే ముందు అడగాల్సినవి ఇవే. స్కూలు విషయంలో మమ్మల్ని మీరు ఇలాంటి ప్రశ్నలు ఎన్ని అడుగుతారో మాకు తెలుసు!

ఏడాదిన్నర ఇలా నడిచింది. బాబేజ్ అప్పటికే మరింత పెద్ద యంత్రం తలపెట్టి ఉన్నాడు, అనలిటికల్ ఇంజిన్. అట్టల మీద చిల్లులు పొడిచి ఆ చిల్లులతో ఏ లెక్క ముందు, ఏది తర్వాత అని చెప్పడం దాని కిటుకు. ఆ ఆలోచన ఫ్రాన్స్ నేతగాళ్ళ జకార్డు మగ్గం నుంచి తీసుకున్నది. ధర్మవరం వెళ్ళి పట్టుచీర నేసే మగ్గం పైకి చూస్తే దండలా గుచ్చిన చిల్లుల అట్టలు కనిపిస్తాయి. సూత్రం అదే. యంత్రం కాగితం మీదే ఉండిపోయింది గానీ, ఇటలీ ఇంజినీరు మెనబ్రియా దాని గురించి ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. దాన్ని అడా ఇంగ్లీషులోకి తెచ్చింది. అనువాదంతో సరిపెట్టకుండా నువ్వే సొంతంగా వివరణలు రాయమన్నాడు బాబేజ్.

1843 వేసవి ఆ ఇంట్లో పరీక్షల సీజన్ లాంటిది. బాబేజ్‌కీ ఆమెకీ మధ్య ఉత్తరాలు పరుగులు పెట్టాయి. ఆరోగ్యం అంతంతమాత్రం. పెన్సిల్‌తో ఆమె వేసిన పట్టికల మీద కూర్చుని సిరా దిద్దిపెట్టింది భర్త విలియం. ఈ మాట ఈ పేజీ చదివే నాన్నలు కాస్త గమనించాలి. వివరణలు అసలు వ్యాసానికి మూడింతలు అయ్యాయి. ఆఖరి దానిలో బెర్నౌలీ సంఖ్యలు అనే కష్టమైన వరసని యంత్రం చేత లెక్క కట్టించడం ఎలాగో 25 మెట్లుగా రాసింది. ఏ మెట్టులో ఏ రెండు రాశులు, ఏం చెయ్యాలి, ఫలితం ఎక్కడ దాచాలి, ఏ మెట్ల గుంపు మళ్ళీ మళ్ళీ తిరగాలి. మీరు రాత్రిపూట కుస్తీ పడుతున్న లూప్ ఇదే. అదీ, నడిపి చూడడానికి యంత్రమే లేకుండా.

ఇందులో బాబేజ్ పాలెంత, ఆమె పాలెంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. బీజగణితం కొంత బాబేజ్ చేసి ఇచ్చాడు, అందులో ఆయన చేసిన పెద్ద తప్పును ఆమె పట్టుకుందని ఆయనే తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఆ యంత్రానికి లెక్కల వరసలు బాబేజ్ అంతకుముందే కొన్ని రాసుకున్నాడు కాబట్టి తొలి ప్రోగ్రామర్ అన్న బిరుదు మీద నాకు పెద్ద పట్టింపు లేదు. అంకెలు అంకెలనే కాక సంగీత స్వరాల్ని కూడా సూచించగలిగితే ఈ యంత్రం సంగీతం కూడా కట్టగలదని గ్రహించింది మాత్రం ఆమే. తనకు తానుగా కొత్తది పుట్టించదు, మనం చెప్పగలిగిందే చేస్తుందని హెచ్చరించిందీ ఆమే. నూరేళ్ళ తర్వాత, 1950లో, అలన్ ట్యూరింగ్ ఆ మాటతో వాదనకి దిగాడు. ఏఐ వచ్చాక ఆ వాదన మళ్ళీ మొదలైంది. అన్నట్టు ఆ 25 మెట్లలో నాలుగో మెట్టు తప్పుగా అచ్చయింది, భాగహారంలో రెండు రాశులు తారుమారు. ప్రోగ్రాంతో పాటే బగ్ కూడా పుట్టిందన్నమాట.

వ్యాసం కింద అచ్చయింది ఆమె పేరు కాదు, మూడు పొడి అక్షరాలే. ఉద్యోగం లేదు, జీతం లేదు. యంత్రం పనులు తాను నడిపిస్తానని కొన్ని షరతులతో బాబేజ్‌కి రాస్తే ఆయన ఒప్పుకోలేదు.

1844 జనవరిలో తల్లి ఆనబెల్లాకి డీమోర్గాన్ ఒక ఉత్తరం రాశాడు. ఈ చదువు కూతురి ఆరోగ్యానికి చేటు కాదా అన్న తల్లి బెంగకి జవాబు అది. ఈమెలో కనిపించిన ఆలోచనా శక్తి మామూలు విద్యార్థుల్లో కనపడేది కాదని, కేంబ్రిడ్జిలో చేరబోయే యువకుడెవరైనా ఇదే శక్తి చూపిస్తే అతను సొంత పరిశోధన చేసే గణితవేత్త, బహుశా మొదటి వరస వాడు అవుతాడని చెప్పేవాణ్ణని రాశాడు. ఇంత శ్రమ ఆడవాళ్ళ శరీరం తట్టుకోలేదేమోనన్న ఆ కాలపు భయమూ అందులోనే ఉంది. ఆ ఉత్తరంలోనే ఇంకో మాట. ఆమె గురించి తన అభిప్రాయం ఆమెకి ఎన్నడూ చెప్పలేదట. చెబితే ఇంకా ఎక్కువ చదివేస్తుందని భయం.

మాస్టారికి తెలుసు, తల్లికి తెలుసు. ఏళ్ళ తరబడి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసిన విద్యార్థినికి మాత్రం మాస్టారు ఆ మాట చెప్పలేదు. అంత ఓపికగా పాఠం చెప్పిన మనిషే ఇలా చేశాడంటే నాకు మింగుడు పడదు.

తర్వాతి సంవత్సరాలు బాగా సాగలేదు. గుర్రప్పందాల్లో అప్పులపాలైంది, కుటుంబ వజ్రాలు రెండుసార్లు తాకట్టుకి పోతే తల్లి విడిపించింది. గర్భాశయ క్యాన్సర్‌తో 1852 నవంబరు 27న కన్నుమూసింది. ముప్పై ఆరేళ్ళు, తండ్రి పోయిన వయసే. తాను ఊహ తెలిసి ఎన్నడూ చూడని ఆ తండ్రి పక్కనే, హక్నల్ చర్చిలో, తన కోరిక ప్రకారం సమాధి చేశారు.

నూరేళ్ళు ఎవరికీ పట్టలేదు. 1953లో కంప్యూటర్ల మీద వచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఆమె వివరణలు మళ్ళీ అచ్చయ్యాయి. అమెరికా రక్షణ శాఖ తన కొత్త ప్రోగ్రామింగ్ భాషకి అడా అని పేరు పెట్టి, 1980లో దాని ప్రమాణ పత్రానికి 1815 అనే నంబరు ఇచ్చింది. డీమోర్గాన్‌తో నడిచిన ఉత్తరాలు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటి స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. చేతిరాత చదవడం కష్టమే గానీ, ఆమె ఎక్కడెక్కడ ఆగిపోయి మాస్టారిని అడిగిందో అందులో చూడొచ్చు.