బుకర్ వాషింగ్టన్ – ఆరోగ్య వారము

1892వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన అమెరికా దేశమందలి అలబామా రాష్ట్రమున, టస్కీగీ యను చిన్న పట్టణములో ఒక సభ జరిగెను. సభను పిలిచినవాడు అచ్చటి పాఠశాలాధిపతి బుకర్ టి. వాషింగ్టన్. చుట్టుపట్టుల నున్న నల్లజాతి కర్షకులను సుమారు 75 మందిని ఆయన ఆహ్వానింపగా, స్త్రీ పురుషులు కలసి రమారమి 400 మంది వచ్చిరి. వారిలో పెక్కుమంది బానిసలుగా పుట్టినవారు, అక్షరజ్ఞానము లేనివారు. వాషింగ్టన్ మంచి వక్తయే. అయినను ఆనాడు దీర్ఘోపన్యాసములకు చోటీయక, ఇల్లెట్లున్నది, అప్పెంత యున్నది, బడి యేటికి ఎన్ని నెలలు నడచుచున్నది అని వచ్చినవారినే అడిగి, వారి నోటనే చెప్పించెను.

వారు లేచి చెప్పిరి. కుటుంబమంతయు ఒకే గదిలో నిదురించుట, పైరు కోతకు రాకమునుపే వర్తకునికి తాకట్టు పడుట, బడి మూడు నెలలతో మూతపడుట – ఇవియే అందరి కష్టములు. తన యింటి దుఃఖము తన యొక్కనిదే యనుకొని వచ్చిన కర్షకుడు, పొరుగూరివాని నోట అదియే విని ఆశ్చర్యపడియుండునని మేము తలంతుము.

బుకర్ వాషింగ్టన్ చరిత్ర లోకప్రసిద్ధము. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో నున్న కాలమున, 1903లో, తన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ఈయనను గూర్చి ప్రశంసాపూర్వకముగ వ్రాసెను. కావున మేము కథనంతయు చెప్పబూనక, ఆరోగ్యమును గూర్చియు, నలుగురు కూడి మాటాడుకొనుటను గూర్చియు తెలుపు భాగమునే కొంత విరివిగా చెప్పెదము.

ఆయన 1856లో వర్జీనియా రాష్ట్రమున ఒక పొగాకు తోటలో బానిసగా జన్మించెను. తల్లి జేన్ తోటయజమాని యింట వంటకత్తె. తండ్రి ఎవరో తెల్లవాడని మాత్రము వినికిడి. మట్టినేలపై చింకిపాతలే పడక. 1865లో బానిసత్వము తొలగగా, కుటుంబము పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ చేరెను. అచ్చట బాలుడు తెల్లవారకమునుపే లేచి ఉప్పు కొట్టములలోను, పిదప బొగ్గుగనిలోను పనిచేసెను. హాంప్టన్ అనుచోట నల్లవారికొక గొప్ప పాఠశాల యున్నదని ఇరువురు పనివారు మాటాడుకొనుచుండగా చీకటి గనిలోనే ఆయన చెవిని బడెను.

1872లో 500 మైళ్ల ప్రయాణమునకు బయలుదేరెను. చేతి సొమ్ము చాలక కొంత దూరము నడచి, రిచ్మండ్ నగరమున చెక్కబాట క్రింద నేలపై నిదురించి, ఎట్టకేలకు హాంప్టన్ చేరెను. ప్రవేశపరీక్షగా ఒక గది నూడ్వమనగా మూడుమారులూడ్చి, నాలుగుమారులు దుమ్ము తుడిచెను. నిత్యస్నానము, దంతధావనము, మంచముపై దుప్పటులు ఆయనకు అచ్చటనే పరిచయమయ్యెను. మొదటి రాత్రి రెండు దుప్పటుల క్రిందను, రెండవ రాత్రి రెండింటిపైనను పరుండి, మూడవనాటికి గాని ఒకటి పరచుకొని మరియొకటి కప్పుకొనవలెనని తెలిసికొనలేదట! బాలబాలికలారా, నవ్వవలదు. ఎవ్వరును చెప్పనిది ఎవ్వరికి తెలియును?

1881 జూలై 4వ తేదీన 30 మంది విద్యార్థులతో టస్కీగీ పాఠశాల ఆరంభమయ్యెను. శిథిలమైన ఆ పాకలో వానకురిసినప్పుడు ఒక విద్యార్థి గురువు తలపై గొడుగు పట్టుకొని నిలువవలసి వచ్చెడిది. బడి తెరచుటకు ముందు వాషింగ్టన్ ఒక నెల దినములు పల్లెలు తిరిగి, గుడిసెలలో పరుండి, వారి యన్నమే తినెను. పంది క్రొవ్వు, మొక్కజొన్న రొట్టె తప్ప వేరు తిండి లేదు. ప్రత్తి చేను గుమ్మము దాక వచ్చుటచే కూరమొక్కకు జానెడు నేల మిగులలేదు. ఒక యింట అయిదుగురు భోజనమునకు కూర్చుండగా బల్లపై ఒక్కటే ముల్లుచెంచా. ఆ మూలనే, వాయిదాలపై కొన్న 60 డాలర్ల వాద్యము! ఆయన వారిని గేలి చేయలేదు. తాను కన్నదానిని మనసున నుంచుకొనెను. పదునొకండేండ్ల తరువాత సభలో అడిగిన ప్రశ్నలు ఆ నెలలో పుట్టినవే యని మా యూహ.

పాఠశాలకు ఇటుకలు కావలసెను. మూడు ఆవములు వరుసగా చెడెను. వాషింగ్టన్ తన గడియారమును 15 డాలర్లకు కుదువ పెట్టి నాలుగవది కాల్పించగా ఇటుకలు చక్కగా వచ్చెను. ఊరిలోని తెల్లవారికిని మంచి ఇటుకలు కావలసియుండెను. నల్లవారి బడి యేల యని యెంచినవారు సయితము కొనుటకు వచ్చిరి. ఇచ్చి పుచ్చుకొనుటలో మాట కలిసెను. ఇంతకంటె మెత్తని ఆరంభము ఆ కాలమున దొరకియుండదేమో!

ఆయన శుభ్రతయందు పట్టుదల కలవాడు. పండ్లు తోముకొను కుంచె లేనిదే టస్కీగీలో విద్యార్థికి నిలువ వీలులేదు. క్రొత్తగా వచ్చిన ముగ్గురు బాలికలను మీ కుంచెలేవి యని అడుగగా, ముగ్గురు సొమ్ము కూర్చి నిన్ననే కొన్నామని ఒక్కదానిని చూపిరట! వైద్యమునకు కొరత యుండగా, 1891లో హాలీ టానర్ డిల్లన్ అను యువతిని రప్పించెను. పదిదినముల కఠినమైన పరీక్షలో నెగ్గి, అలబామాలో వైద్యవృత్తికి అనుమతి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. మరుసటి యేటనే దాదుల శిక్షణ మొదలయ్యెను.

ఇక అసలు సంగతికి వత్తము. 1896లో ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అను బీమా గణాంకవేత్త ఒక గ్రంథము వ్రాసి, నల్లవారి యధికమరణములకు వారి జాతిలక్షణములే కారణమనెను. బీమా సంఘములవారు ఆ మాటను ఆదరించిరి. నల్లజాతి పండితుడు డ్యూబోయిస్ 1906లో ఒక సంకలనము ప్రకటించి, ఇల్లు, తిండి, కూలి, మురుగునీరు సరిపడినచోట మరణములును తగ్గుచున్నవని లెక్కలతో చూపెను. జబ్బు రక్తములో నున్నదా, బ్రతుకులో నున్నదా అనునదే వాదము. రక్తములో నున్నచో చేయదగినదేమియు లేదు. బ్రతుకులో నున్నచో సర్వము చేయవలసినదే.

టస్కీగీలో మన్రో వర్క్ అను పరిశోధకుడు లెక్కలు కూర్చెను. ఆయన అంచనా ప్రకారము దేశములో ఎల్లప్పుడును 450,000 మంది నల్లవారు వ్యాధిగ్రస్తులు. మరణములలో నూటికి 45 నివారింపదగినవి. వాషింగ్టన్ ఈ అంకెలను పట్టుకొని 1915 వసంతమున దేశమంతట నీగ్రో ఆరోగ్య వారమును నడపించెను (నీగ్రో యనునది ఆనాటి వాడుక). చర్చిలలో, బడులలో, స్త్రీల సంఘములలో జనులు కూడి క్షయను గూర్చి, నూతినీటిని గూర్చి, ఈగలను గూర్చి మాటాడుకొనిరి. పెరళ్లు శుభ్రపరచి గోడలకు సున్నము కొట్టిరి. తెల్లజాతి ఆరోగ్యాధికారులనుగూడ సాయమడిగిరి. వ్యాధి రంగు చూడదు. నల్ల చాకలి స్త్రీ యింటి గాలి తెల్లవాని చొక్కాతో వాని యింటికే చేరును. తెల్లవారి యెదుట ఇది పనిచేసిన వాదము. కాని న్యాయమునకు కదలని మనసును భయముచే కదలించుట కొంత చిన్నతనమని మాకు తోచును. వేరు దారి తెరచియుండెనా యని అడిగినచో, 1901లో అలబామా క్రొత్త రాజ్యాంగము నల్లవారిలో పెక్కుమంది వోటును ఊడ్చివైచెనని చెప్పవలసియుండును.

ఈ మెత్తదనమునే డ్యూబోయిస్ 1903లో గట్టిగా విమర్శించెను. హక్కులు కోరక పనియే చేయుడనుట జాతికి కీడని ఆయన వాదము. ఇందు సత్యము కలదు. వోటులేని వీథికి మురుగుకాలువ రాదు. అయితే వాషింగ్టన్ రహస్యముగా సొమ్మిచ్చి వోటుహక్కు వ్యాజ్యములు నడపించెనని పిదప బయటపడెను. బహిరంగమున మాటాడలేనిది చాటుగా చేసెను. దీనిని నేర్పనవలెనో, వెరపనవలెనో పాఠకులే యెంచుకొందురుగాక.

ఆయన తరువాత ఆరోగ్య వారము ఆయన జన్మదినమని యెంచబడిన ఏప్రిల్ 5వ తేదీ కలుపుకొని జరుగుచు, 1932లో కేంద్ర ఆరోగ్యశాఖ చేతిలోనికి పోయి, 1951 వరకు సాగెను. ఆ 1932లోనే ఆ శాఖవారు టస్కీగీ పరిసరములలో మరియొక పని పెట్టుకొనిరి. సిఫిలిస్ రోగము గల 399 మంది నల్లజాతి పురుషులకు వారి జబ్బేమో సరిగా చెప్పక, పెనిసిలిన్ వచ్చిన పిదపను మందీయక, రోగమెట్లు ముదురునో చూచుచు 40 ఏండ్లు గడపిరి. వాషింగ్టన్ కాలపు ఆసుపత్రియే అందుకు తోడ్పడెను. 1972లో పత్రికలలో వెల్లడియై అది ఆగెను. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పెను. నలువది యేండ్లలో ఆ కర్షకుల నడుమ కూర్చుండి నిజము చెప్పిన అధికారి లేకపోయెను.

వాషింగ్టన్ మరణమును గూర్చి చెప్పవలసినది మిగిలినది. 1915 నవంబరులో ఆయన న్యూయార్కున తీవ్రముగా జబ్బుపడెను. బ్రతుకుట కల్లయని తెలిసి, దక్షిణమున పుట్టితిని గనుక అచ్చటనే చావవలెనని రైలెక్కి, టస్కీగీ చేరిన కొన్ని గంటలకే, 14వ తేదీ వేకువను మరణించెను. న్యూయార్కులోని ఒక వైద్యుడు ఆయన జబ్బునకు జాతిలక్షణములు కొంత కారణమని పత్రికలకు చెప్పెను. జీవితాంతము ఆయన యెదుర్కొనిన మాటయే ఆయన శవముమీదను పడెను. 2006లో వంశస్థుల యనుమతితో వైద్యులు ఆనాటి ఆసుపత్రి కాగితములను తిరిగి చదివిరి. రక్తపు పోటు మిక్కిలి హెచ్చి మరణించెనని తేల్చిరి.