డెబ్బై పౌన్ల స్నేహం – సర్ హెన్రీ రాయిస్ జీవితం

నేనూ, నాతో పనిచేసి రిటైరయిన ఒక మిత్రుడూ కలిసి, ఆయన షెడ్డులో తుప్పు పట్టి ఉన్న వాళ్ల నాన్నగారి మోరిస్ మైనర్ కారును బాగుచేస్తున్నాము. సగం పని అయ్యేసరికి ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. ఇంట్లోవాళ్లు షెడ్డుకు తాళం వేశారు. ఆ రోజుల్లో నాకు ధైర్యం చెప్పినది రోల్స్ రాయిస్ కారు నిర్మాత హెన్రీ రాయిస్ గారి జీవితం. అది మీతో పంచుకుంటాను.

రాయిస్ 1863 మార్చి 27న ఇంగ్లండులోని ఆల్వాల్టన్ గ్రామంలో పుట్టారు. తండ్రి పిండిమర వ్యాపారం దెబ్బతిని కుటుంబం లండన్ చేరింది. తొమ్మిదో ఏట తండ్రి కూడా పోయారు. పిల్లవాడు వార్తాపత్రికలు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. బంధువు ఒకామె డబ్బు కట్టి రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేర్పిస్తే, మూడేళ్లకు ఆ సాయమూ ఆగిపోయింది.

1884లో ఆయనకు ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అనే మిత్రుడు తోడయ్యాడు. రాయిస్ వద్ద ఉన్నవి 20 పౌన్లు, మిత్రుడు తెచ్చినవి 50. ఆ సొమ్ముతో మాంచెస్టరులో చిన్న విద్యుత్ పరికరాల కర్మాగారం పెట్టారు. తర్వాత అక్కాచెల్లెళ్లను పెళ్లాడి తోడల్లుళ్లు కూడా అయ్యారు.

రాయిస్ ఒక సెకండ్‌హాండ్ ఫ్రెంచి కారు కొన్నారు. దాని లోపాలు ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. ప్రతి భాగాన్నీ పరిశీలించి, అంతకంటే మేలైనది తానే తయారుచేశారు. ఆయన మొదటి కారు 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కింది. మే 4న చార్లెస్ రోల్స్‌తో పరిచయమైంది. 1906లో రోల్స్ రాయిస్ కంపెనీ ఏర్పడింది. దాని తొలి చైర్మన్ ఆ పాత మిత్రుడు క్లేర్‌మాంటే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో మనం చూసే నిజాం గారి పసుపుపచ్చ కారు వీరి సిల్వర్ ఘోస్ట్ రకమే.

1910లో రోల్స్ విమాన ప్రమాదంలో మరణించారు. మరుసటి ఏడు, తిండీ నిద్రా మాని పనిచేసిన రాయిస్ మంచాన పడ్డారు. 1912లో పెద్ద ఆపరేషన్ జరిగింది. ఇక ఎక్కువ కాలం బతకరని వైద్యులు అనుకున్నారు. కర్మాగారానికి దూరంగా ఉండమన్నారు. ఆయన ఉన్నారు, కాని పని మానలేదు. సముద్రతీరపు ఇళ్లలో ఉంటూ, ఒక నర్సు సంరక్షణలో, డ్రాయింగులు దిద్ది డెర్బీ కర్మాగారానికి పంపేవారు. మొదటి ప్రపంచ యుద్ధపు ఈగిల్ విమాన ఇంజను, 1931లో ష్నైడర్ ట్రోఫీ గెలిపించిన ఇంజను ఇలా ఇంటినుంచి వెలువడినవే. 1930లో బారొనెట్ బిరుదు వచ్చినా తనను మెకానిక్‌గానే చెప్పుకున్నారు. 1933 ఏప్రిల్ 22న, 70వ ఏట కన్నుమూశారు. ఆపరేషన్ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా జీవించారన్నమాట.

ఈ సంగతి మిత్రుడి శ్రీమతి గారికి చెప్పాను. ఆమె డాక్టరు గారిని అడిగి తాళం తీశారు. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని చెబుతారు, నేను స్పానర్ తిప్పుతాను. కారు ఇంకా కదలలేదు. మేము మాత్రం రోజూ ఉదయం తొమ్మిదింటికల్లా షెడ్డులో హాజరు.