కండరాల గుట్టు విప్పిన మన భీమవరం వారు



నిరుడు వేసవిలో ఒకరోజు పీటమీద కూర్చుని భోంచేసి లేవబోతే తొడలు సహకరించలేదు. మనవడు చేయిచ్చి లేపాడు. వయసు మీద పడిందనుకొని ఆరు నెలలు ఊరుకున్నాను. చివరకు రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి బాగా తక్కువ, ఫాస్ఫరస్ కూడా తక్కువేనని తేలింది. ఆ కాగితంమీద ఫాస్ఫరస్ అన్న మాట చూడగానే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకొచ్చారు.

వారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించి ఒక ప్రొఫెసరుగారి ఆగ్రహానికి గురై, ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. (పైవారి కోపం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు.) 1922లో మామగారి సాయంతో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు.

అక్కడ ఫిస్క్‌గారితో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత సాయంతోనే కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. కండరం ముడుచుకున్న ప్రతిసారీ ఖర్చయ్యేది ఏ.టి.పి. అది తరిగితే తక్షణం పూడ్చేది ఫాస్ఫోక్రియాటిన్. మన భాషలో ఒకటి చేతిఖర్చు, రెండోది జి.పి.ఎఫ్. అడ్వాన్సు. రెండింటికీ ఫాస్ఫేటు కావాలి. పేగులనుంచి కాల్షియం, ఫాస్ఫేటు సరిగా ఒంటబట్టాలంటే విటమిన్ డి ఉండాలి. అది మరీ తగ్గితే ఎముకలతోపాటు తొడల, తుంటి కండరాలు నీరసిస్తాయి. ముసలితనంలో ఎండ తగిలినా చర్మం దాన్ని తయారుచేసేది తక్కువ. నేనైతే ఆ ఎండకే వెళ్ళేవాణ్ణి కాదు.

1940లో సుబ్బారావుగారు లెడర్లే కంపెనీకి మారారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ వారి నాయకత్వంలో వచ్చినవే. 1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. తాను వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోతే, ఆ బిడ్డ ముఖమైనా చూడలేదు. భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయారు. 1995లో మన ప్రభుత్వం వారి తపాలా బిళ్ళ వేసింది.

డాక్టరుగారు నాకు వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల మాత్ర కొన్ని వారాలకు రాశారు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి ప్రమాదం గనుక, పరీక్ష లేకుండా ఎవరూ మింగవద్దు. ఇప్పుడు పీటమీంచి నా అంతట నేనే లేస్తున్నాను, తలుపురెక్క కాస్త పట్టుకొని.