అట్ట గిటార్ చేసిన వడ్రంగి

బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఒక గిటార్ ఉంది. దాని ముందు పలక కర్రే కానీ పక్కలు, వీపు మాత్రం అట్ట. ఆన్‌లైన్ పార్సిల్ రాగానే చించి పారేస్తామే, దాదాపు ఆ జాతి సరుకు. 1862లో దాన్ని చేసినాయన పేరు ఆంటోనియో దె టోరెస్ హురాదో. ఈరోజు ఏ దేశంలో ఎవరు నైలాన్ తీగల గిటార్ ఒళ్లో పెట్టుకున్నా దాని నడుము వంపు, తీగ పొడవు, లోపల అతికించిన బద్దల వరస చాలావరకు ఈయన ఖాయం చేసిన లెక్కలే.

మన హాస్టల్‌లో గిటార్ వాయించేవాళ్లు ఫ్లోర్‌కి నలుగురు దొరుకుతారు. ఎవరు కనిపెట్టారని అడిగితే మాత్రం బ్రాండ్ పేరు చెప్పి ఊరుకుంటారు. అందుకే ఈ సంచికకి ఈయన కథ రాస్తున్నా. నా స్వార్థం కూడా కొంచెం ఉంది, అది మధ్యలో వస్తుంది.

టోరెస్ 1817 జూన్ 13న స్పెయిన్ దక్షిణ తీరాన, అల్మెరియా పట్టణం శివారులోని లా కన్యాదా దె సాన్ ఉర్బానో అనే పల్లెలో పుట్టాడు. మెదక్‌కి మా హవేలిఘనపూర్ ఎట్లాగో అల్మెరియాకి ఆ పల్లె అట్లా అనుకోండి. తండ్రి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. పన్నెండేళ్ల వయసులో పిల్లాణ్ని వడ్రంగం నేర్చుకోమని పనిలో పెట్టారు. అప్పట్లో అక్కడ సింహాసనం కోసం అంతర్యుద్ధం నడుస్తోంది, కుర్రాళ్లని సైన్యంలోకి పట్టుకుపోతున్నారు. ముందు పెళ్లికానివాళ్ల వంతు. దాంతో ఇంట్లోవాళ్లు 1835లో హడావుడిగా పెళ్లి చేసేశారు. పెళ్లికూతురు హువానా మరియాకి పదమూడేళ్లు. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు, వాళ్లలో ఇద్దరు చిన్నతనంలోనే పోయారు. 1845లో భార్య కూడా క్షయతో పోయింది. అప్పటికి ఆమెకి ఇరవై మూడేళ్లే. మిగిలింది ఒక కూతురు, కొన్ని అప్పులు, చేతిలో వడ్రంగి పని.

ఆ తర్వాత ఆయన సెవిల్లే నగరానికి చేరాడు. గిటార్ల పనిలోకి ఎప్పుడు, ఎవరి దగ్గర అడుగుపెట్టాడన్న దాని మీద రకరకాల కథలున్నాయి, వాటి జోలికి పోను. 1850 ప్రాంతంలో హూలియన్ ఆర్కాస్ అనే వాయిద్యకారుడు ఈయన పని చూశాడు. తనూ అల్మెరియా వైపువాడే, టోరెస్ కన్నా పదిహేనేళ్లు చిన్న. మిగతా వడ్రంగమంతా పక్కనపెట్టి గిటార్ల మీదే కూర్చోమని, ఫలానా చోట నాదం చాలట్లేదని వెంటపడి చెప్పింది ఇతనే అంటారు. ఈ జోడీ నాకు భలే నచ్చుతుంది. వాయించేవాడికి చెవి తెలుసు, చేసేవాడికి కర్ర తెలుసు. యూజర్ ఫీడ్‌బ్యాక్ అని మనం సెమినార్‌లో స్లైడ్ వేస్తాం కదా, ఇది అదే, కాకపోతే నిజంగా జరిగింది.

అప్పటి గిటార్లు చిన్నవి. గదిలో నలుగురికి వినిపిస్తే గొప్ప. టోరెస్ పొట్ట పెంచాడు, ముందు పలకని పలుచన చేసి, ఆ పలుచదనానికి కుంగిపోకుండా కొంచెం ఉబ్బెత్తుగా మలిచాడు. పలక అడుగున విసనకర్ర ఈనెల్లాగా ఏడు బద్దలు పరిచాడు. విసనకర్ర పద్ధతి అంతకుముందూ ఉంది, దాన్ని ఒక లెక్కలోకి తెచ్చింది ఈయన. తీగ పొడవు 650 మిల్లీమీటర్ల దగ్గర నిలబెట్టాడు, ఇప్పటికీ అదే ప్రామాణికం. 1856లో చేసిన ఒక గిటార్‌కి లా లెయోనా, అంటే ఆడసింహం, అనే పేరు నిలిచిపోయింది. దాని రంధ్రం లోపల ఒక లోహపు గొట్టం బిగించాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బొంయ్‌మని మోగుతుంది కదా, సీసా మెడ పొడవు మారితే ఆ స్థాయి కూడా మారుతుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో మనం రెసొనేటర్ అని రికార్డులో రాసుకున్నదే. ఆయన ఏ ల్యాబూ చూడలేదు.

1858లో సెవిల్లే ప్రదర్శనలో ఆయనకి కంచు పతకం వచ్చింది. ఆ ఏడాది చేసిన ఒక గిటార్ చూస్తే (ఫొటోలోనే లెండి) కళ్లు తిరుగుతాయి. అంచుల నిండా, రంధ్రం చుట్టూ రంగురంగుల కర్ర ముక్కలతో పొదిగిన పని. నాలుగేళ్లు తిరక్కుండానే ఇదే మనిషి అట్టతో గిటార్ చేసి, నాదమంతా ముందు పలకదే, పక్కలకీ వీపుకీ ఎంత ఖరీదు కర్ర వాడినా అది రెండో మాటేనని చూపించాడు.

మరి ఆ నగిషీ అంతా దండగేనా? మా రూమ్మేట్ కచ్చితంగా దండగే అంటాడు. నేను కాదంటాను. ఈ వ్యాసం సగం ఆ గొడవలోంచే పుట్టింది.

గిటార్ రంధ్రం చుట్టూ ఉండే ఉంగరాన్ని రోజెట్ అంటారు. మనకి కొత్తదేం కాదు. వీణ పలక మీద అటొకటి ఇటొకటి చిన్న చిల్లుల గుండ్రటి పువ్వులు చూసే ఉంటారు. ఒకప్పుడు వాటిని దంతంతో చేసేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ వచ్చింది. బొబ్బిలిలో ఒకే పనస దుంగలోంచి మొత్తం వీణని తొలిచే పనివాళ్లు కూడా పైపలక దగ్గరికొచ్చేసరికి అలంకారం మానరు. పాత యూరప్ గిటార్లలోనైతే రంధ్రాన్నే పార్చ్‌మెంటుతో, అంటే పలుచటి తోలుతో, జాలీలాగా కత్తిరించి కప్పేవాళ్లు. తర్వాత కొందరు ముత్యపు చిప్ప ముక్కలు పొదిగారు. టోరెస్ ఎక్కువగా కర్రనే నమ్ముకున్నాడు.

అది ఎట్లా చేస్తారో చెప్పాలి, ఎందుకంటే నా స్వార్థం ఇక్కడే ఉంది. ఈ సెలవుల్లో నేనూ రూమ్మేటూ కలిసి హవేలిఘనపూర్‌లో అట్ట పక్కలతో ఒక గిటార్ చేస్తున్నాం. రోజెట్ డిజైన్ నా వంతు.

ముందు గ్రాఫ్ పేపర్ మీద చుక్కల ముగ్గులాగా బొమ్మ వేసుకోవాలి. నాది ఏడు గళ్లకి ఏడు గళ్లు. ఒక్కో గడి ఒక కర్ర ముక్క. ముక్కలు విడివిడిగా అతికించాలంటే జన్మ చాలదు. అందుకని 0.6 మిల్లీమీటర్ల పలుచటి కర్ర రేకుల్ని, బొమ్మలో ఒక నిలువు వరసలో ఏ రంగు తర్వాత ఏ రంగు ఉందో అదే క్రమంలో దొంతి పెట్టి అతికిస్తారు. ఆ దొంతిని మళ్లీ అంతే పలుచటి పట్టీలుగా కోస్తారు. ఒక్కో పట్టీ బొమ్మలో ఒక నిలువు వరస. బొమ్మ కుడి ఎడమలు ఒకటే అయితే ఏడు వరసలకి నాలుగు దొంతులు చాలు. పట్టీల్ని వరసగా చేర్చి అతికిస్తే పొడవాటి కడ్డీ తయారు. దాని ఏ చివర కోసి చూసినా అదే బొమ్మ. ఇక బర్ఫీ ముక్కల్లా కోసుకుంటూ పోవడమే. పోచంపల్లి ఇక్కత్ నేసేవాళ్లు కూడా ఇంతే కదా, మగ్గం ఎక్కకముందే గ్రాఫ్ మీద లెక్కేసి నూలుకి కట్లు కట్టి రంగు ముంచుతారు. బొమ్మ నేతలో పుట్టదు, లెక్కలో పుడుతుంది.

నా ముక్క 4.2 మిల్లీమీటర్ల చదరం. ఉంగరం సగటు వ్యాసం 100 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 314. డెబ్బై ఐదు ముక్కలు పడతాయి. ఒక్కో ముక్కలో నలభై తొమ్మిది గళ్లు, మొత్తం 3,675. ఇంతా చేసి కావలసిన కడ్డీ పొడవు, రంపం తినేసేది కలుపుకున్నా, ఒక జానెడు లోపే.

అసలు చిక్కు వేరే ఉంది. చదరపు ముక్కలు గుండ్రంగా ఒదగవు. బయటి చుట్టు లోపలి చుట్టు కన్నా పెద్దది. ఎంత పెద్దదని లెక్కేస్తే సుమారు 26.4 మిల్లీమీటర్లు. తమాషా ఏంటంటే ఉంగరం వ్యాసం ఎంతైనా ఈ తేడా మారదు, పట్టీ వెడల్పుని రెండు పైతో గుణిస్తే వచ్చేదే. డెబ్బై ఐదుతో భాగిస్తే ముక్కకి 0.35. అంటే ప్రతి ముక్కనీ లోపలి వైపు అంత సన్నం చేయాలి. కాలిపర్ పట్టుకుని నేను చేసే ఈ పనిని టోరెస్ వేలితో తడిమి చేశాడు.

మా ఊళ్లో వడ్ల తాత దగ్గర తుక్కు కర్ర అడిగి తెచ్చుకుంటున్నా. టేకు, వేప, నల్లమద్ది. ఆయనకి గిటార్ వాయించడం రాదు, కానీ రంధ్రం గీసిన పలక చూపించగానే, పలుచటి కర్రని గుండ్రంగా తొలిస్తే ఈనె తెగిన చోట నుంచే చీలిక మొదలైతదని, చుట్టూ ఏదైనా పట్టీ దించమని తనంతట తనే చెప్పాడు. దర్వాజాకి నగిషీ చెక్కేటప్పుడూ అంతేనట. నాకు కావలసిన పాయింట్ దొరికింది! ముందు పలక మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. అందులో సగం లోతు గాడి తీసి ఈ ఉంగరాన్ని దించుతారు. అసలు బలం అడుగున అతికించే పట్టీలదే, ఒప్పుకుంటా. కానీ అంచు దగ్గర పుట్టిన చీలిక పలకలోకి పాకబోతే, వేరే దిక్కు ఈనెలున్న ముక్కలు దానికి అడ్డంపడతాయి. అట్టతో చేయగలిగిన చోట అట్టతో చేసిన మనిషి, పాడే పలక దగ్గరికొచ్చేసరికి అట్టని రానివ్వలేదు. రోజెట్ ఉండేది ఆ పలకలోనే. రూమ్మేట్ మాత్రం వినైల్ స్టిక్కర్ ప్రింట్ కొట్టిద్దామని ఇంకా అంటూనే ఉన్నాడు.

మళ్లీ టోరెస్ దగ్గరికి. 1869లో ఫ్రాన్సిస్కో తారెగా అనే కుర్రాడు ఒక షావుకారుని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ముందు ఒక మామూలు గిటార్ చేతికిచ్చి, అతను వాయించడం విన్నాక టోరెస్ లోపలికి వెళ్లి, 1864లో చేసి తనకోసం దాచుకున్న గిటార్ తెచ్చి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ కుర్రాడే తర్వాత గిటార్ ప్రపంచానికి పెద్ద గురువయ్యాడు, ఆ గిటార్‌ని దాదాపు ఇరవై ఏళ్లు వాయించాడు.

ఇంత పేరొచ్చింది కదా, ఇక సుఖపడ్డాడు అనుకుంటాం. లేదు. అంతకు ఏడాది ముందే రెండో పెళ్లి చేసుకున్న ఆయన, 1870 ప్రాంతంలో సెవిల్లే వదిలేసి సొంత ఊరి వైపు వచ్చి పింగాణీ గిన్నెల దుకాణం పెట్టుకున్నాడు. ఆధునిక గిటార్‌ని రూపొందించినవాడు కప్పులు, సాసర్లు అమ్మాడు. కోర్ బ్రాంచ్ చదివి వేరే ఉద్యోగాల్లో చేరే మనం ఆయన్ని అర్థం చేసుకోగలం. 1875లో మళ్లీ ఉలి పట్టాడు. అప్పట్నుంచి లేబుళ్ల మీద రెండో దశ అని రాసి, కొత్తగా నంబర్లు వేసుకుంటూ పోయాడు. 1883లో రెండో భార్య కూడా పోయింది. ఆ తర్వాత పని ఇంకా పెంచాడు, నెలకి ఒకటి చొప్పున. డబ్బున్నవాళ్లకి నగిషీ గిటార్లు, లేనివాళ్లకి చవక సైప్రస్ కర్రతో, రంధ్రం చుట్టూ నాలుగు గీతలున్న సాదా గిటార్లు. లోపలి బద్దల దగ్గర మాత్రం రెండింటికీ అదే శ్రద్ధ.

చివరి ఏళ్లలో హువాన్ మార్తినెజ్ సిర్వెంత్ అనే చర్చి ఫాదర్ పనిలో చెయ్యి సాయం చేసేవాడు. ముందు పలక అతికించే ఘట్టానికి మాత్రం ఎవర్నీ రానిచ్చేవాడు కాదట, తలుపు గడియ పెట్టుకునేవాడు. ఒకసారి భోజనం దగ్గర, ఆ రహస్యం ఎవరికైనా చెప్పి పొమ్మని ఈ ఫాదర్ అడిగితే టోరెస్ నవ్వి, అది తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉందని, పలక మందం ఆ వేళ్లే చెప్తాయని, తనతోపాటే సమాధికి పోతుందని అన్నాడట. 1892 నవంబర్ 19న, డెబ్బై ఐదేళ్ల వయసులో పోయాడు.

శిష్యుల్ని వదిలి వెళ్లలేదు. ఆయన గిటార్లు రిపేరుకి వచ్చినప్పుడు మాద్రిద్‌లో మాన్యుయెల్ రామిరెజ్ లాంటివాళ్లు లోపలి కొలతలు చూసి నేర్చుకున్నారు. మొత్తం మూడొందల పైచిలుకు చేసి ఉంటాడని అంచనా, ఆచూకీ తెలిసినవి వందలోపే. ధర పెరిగాక నకిలీలూ పుట్టాయి. లేబుల్‌దేముంది, రంధ్రంలోంచి చెయ్యి పెట్టి జిగురుతో అంటించొచ్చు. అందుకే చూసేవాళ్లు లేబుల్‌తో ఆగరు, కర్రలోకి దిగి ఉన్న రోజెట్‌ని, లోపలి బద్దల్ని భూతద్దం పెట్టి చూస్తారు.

నేను ఈ సంగతి చెప్పాకే రూమ్మేట్ స్టిక్కర్ మాట కొంచెం తగ్గించాడు. నిన్నటికి నలభై ఒక్క ముక్కలు కోశాం. ఇంకా ముప్పై నాలుగున్నాయి.