కలివి కోడిని లోకానికి చూపిన వైద్యుడు జెర్డన్

కడప జిల్లా ముళ్లపొదల అడవుల్లో బతికే కలివి కోడి ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షుల్లో ఒకటి. శాస్త్రలోకంలో దాని పేరుతో ముడిపడిన వ్యక్తి థామస్ కావర్‌హిల్ జెర్డన్. వృత్తిరీత్యా ఆయన వైద్యుడు.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండ్‌లోని డర్హమ్ కౌంటీలో జన్మించారు. ఈస్ట్ ఇండియా కంపెనీలో సహాయ శస్త్రవైద్యునిగా చేరి 1836లో మద్రాసు చేరుకున్నారు. తొలుత గంజాం ప్రాంతంలో జ్వరపీడిత సైనికులకు చికిత్స చేశారు. అనంతరం కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశారు. వైద్యసేవలు అందిస్తూనే పక్షులు, క్షీరదాలు, పాములు, చీమలపై పరిశోధన సాగించారు. పక్షులకు స్థానికులు వాడే తెలుగు పేర్లను సేకరించి తన గ్రంథాల్లో నమోదు చేశారు.

తూర్పు కనుమల పొదల్లో ఆయన సేకరించిన ఒక పక్షిని 1848లో కలకత్తాలోని శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ కొత్త జాతిగా ప్రకటించారు. ఛాతీపై రెండు అడ్డపట్టీలు గల ఆ పక్షే కలివి కోడి. ఆంగ్లంలో దానిని జెర్డన్స్ కోర్సర్ అంటారు. జెర్డన్ రచించిన భారతదేశ పక్షుల గ్రంథం 1862, 1864 మధ్య వెలువడింది. 1867లో క్షీరదాలపై మరో గ్రంథం వచ్చింది. ఆయన 1872 జూన్ 12న లండన్‌లో కన్నుమూశారు.

1900 తరువాత కలివి కోడి ఎవరి కంటా పడలేదు. అది అంతరించిపోయిందనే పలువురు భావించారు. అయితే 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లి వద్ద స్థానిక వేటగాడు ఒకరు రాత్రివేళ దానిని పట్టుకున్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకులు దానిని గుర్తించడంతో అన్వేషణకు కొత్త ఊపు వచ్చింది. పక్షి రక్షణకు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. దాని ఆవాసాన్ని కాపాడేందుకు తెలుగుగంగ కాలువ మార్గాన్ని సైతం మార్చారు.

కలివి కోడి పగలు పొదల నీడలో దాగి, రాత్రి పొదల నడుమ ఖాళీ నేలపై పురుగులను ఏరుకుంటుంది. పొదలు మరీ పలుచబడినా, మరీ దట్టమైనా దానికి మనుగడ లేదు. వంటచెరకు నరికివేత, మితిమీరిన మేత, సాగు కోసం భూముల చదును ఆ సమతూకాన్ని దెబ్బతీస్తున్నాయి. ముళ్లపొదలను బంజరుగా చూసే దృష్టి మారనిదే ఈ పక్షికి భద్రత లేదు. వైద్యసేవలోనే ఆ పొదలను శ్రద్ధగా పరిశీలించిన జెర్డన్ జీవితం ఆ మార్పుకు దారి చూపుతుంది.