నీటి దెబ్బను లెక్కగట్టిన మాస్టారు – జుకోవ్‌స్కీ

హాస్టల్లో పొద్దున్నే కుళాయిల దగ్గర బకెట్ల వరుస ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఆ తొందరలో ఎవరైనా కుళాయిని గబుక్కున కట్టేస్తే పైపు టక్కుమని కొట్టుకుంటుంది. కరెంటు పోయి మోటారు ఆగినప్పుడు కూడా ఒక్కోసారి పైపులైనులో దబ్బుమని శబ్దం వస్తుంది. ఇంజనీర్లు దీన్ని వాటర్ హ్యామర్ అంటారు, అంటే నీటి సుత్తి దెబ్బ. ఆ దెబ్బ బలమెంతో పెద్ద నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి లెక్క తేల్చిన రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ.

జుకోవ్‌స్కీ 1847 జనవరి 17న రష్యాలోని ఒరెఖోవో అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఇంజనీరు. తాను కూడా తండ్రిలాగే రైల్వే ఇంజనీరు కావాలని చిన్ననాటి నుంచి ఆయన కోరిక. ఆ చదువు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. అక్కడ ఉంచి చదివించే స్తోమత ఇంట్లో లేదు. అందుకని మాస్కో విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1868లో పట్టా పొందారు. కోరిక చావక తర్వాత పీటర్స్‌బర్గ్ వెళ్లి ఇంజనీరింగ్‌లో చేరారు. కానీ అక్కడ పరీక్ష తప్పారు. చదువు ఆపి వెనక్కి వచ్చేశారు.

అలా ఇంజనీరు కాలేకపోయిన ఆ యువకుడు 1870లో మాస్కోలో ఒక బాలికల పాఠశాలలో ఫిజిక్స్ చెప్పే పంతులయ్యారు. 1872 నుంచి మాస్కో టెక్నికల్ స్కూల్లో బోధించారు. పాఠం చెబుతూనే పరిశోధన సాగించి, 1882లో డాక్టరేటు సాధించారు. ప్రవహించే ద్రవాలు, గాలి ఆయనకు ఇష్టమైన విషయాలు.

ఆ రోజుల్లో మాస్కోకు మితిష్చి ఊటల నీళ్లు అలెక్సేయెవ్‌స్కాయా పంపింగ్ స్టేషన్ ద్వారా వచ్చేవి. నగరంలో కొత్తగా వేసిన ఇనుప గొట్టాలు పగిలిపోతుండేవి. గొట్టం నాసిరకమా, నేల కుంగిందా అన్నది తేలలేదు. నీటి సరఫరా ఇంజనీరు జిమిన్ ఈ సమస్యను జుకోవ్‌స్కీ ముందు పెట్టారు. 1897, 1898 సంవత్సరాల్లో ఆ స్టేషన్ దగ్గరే 2, 4, 6 అంగుళాల గొట్టాలు పరిచి ప్రయోగాలు చేశారు. నీళ్లు పారుతుండగా వాల్వును ఒక్కసారిగా మూసి, గొట్టం పొడవునా ఒత్తిడి ఏ క్షణంలో ఎంత ఉందో పరికరాలతో నమోదు చేశారు.

అప్పుడు తేలింది అసలు సంగతి. వాల్వు మూయగానే గొట్టంలోని నీళ్లన్నీ ఒకేసారి ఆగవు. వాల్వు దగ్గరి నీళ్లు ముందు ఆగి నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడి ఒక అలగా మారి వెనక్కి పరుగెత్తుతుంది. ఇనుప గొట్టంలో దాని వేగం సుమారుగా సెకనుకు 1000 మీటర్లు. అది గొట్టం చివరికి వెళ్లి, మళ్లీ తిరిగి వస్తుంది.

లెక్క చాలా తేలిక. నీటి సాంద్రతను అల వేగంతో, ఆగిపోయిన ప్రవాహ వేగంతో గుణిస్తే పెరిగిన ఒత్తిడి వస్తుంది. సెకనుకు ఒక్క మీటరు వేగంతో నడిచే నీటిని చటుక్కున ఆపితే 10 లక్షల పాస్కళ్లు, అంటే సుమారు 100 మీటర్ల ఎత్తున్న నీటి ఒత్తిడి అదనంగా పడుతుంది! గొట్టం పగలక ఏం చేస్తుంది?

విరుగుడు కూడా ఆ లెక్కలోనే ఉంది. 2 కిలోమీటర్ల గొట్టంలో అల పోయి రావడానికి 4 సెకన్లు పడుతుంది. వాల్వును అంతకంటే చాలా నెమ్మదిగా మూస్తే దెబ్బ తగ్గుతుంది. గాలి గదులు కూడా దెబ్బను తగ్గిస్తాయని ఆయన పరిశీలించారు. గొట్టం ఎక్కడ పగిలిందో స్టేషన్‌లో కూర్చునే ఒత్తిడి గీతను చూసి కనిపెట్టవచ్చని కూడా చూపారు. ఈ పరిశోధన 1900లో జర్మన్‌లో, 1904లో అమెరికాలో ఇంగ్లీషులో వెలువడింది. ఇటలీ ఇంజనీరు అల్లియేవి ఈ సిద్ధాంతాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు.

నేడు పట్టణాల నీటి పైపులు వలలా అల్లుకుని ఉంటాయి. ప్రతి కూడలిలో అల చీలుతుంది, కొంత వెనక్కి మళ్లుతుంది. దీన్ని కంప్యూటర్‌లో క్షణం క్షణం లెక్కిస్తారు. కరెంటు పోయి పంపులు ఆగిపోవడం ముఖ్యంగా చూడవలసిన పరిస్థితి. నీళ్లు ముందుకు సాగిపోతుంటే పంపు దాటిన వెంటనే ఉన్న గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. మరీ పడితే ఆవిరి ఖాళీ ఏర్పడుతుంది. తిరిగి వచ్చిన నీళ్లు ఆ ఖాళీని మూసేటప్పుడు పెద్ద దెబ్బ తగులుతుంది. అప్పుడు ఒత్తిడి జుకోవ్‌స్కీ సూత్రం చెప్పినదానికంటే కూడా పెరగవచ్చు. అందుకే ఆ సూత్రంతో మొదలుపెట్టినా, మొత్తం వలనంతా లెక్క వేసి గాలి ట్యాంకులు, ఎయిర్ వాల్వులు ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తారు.

జుకోవ్‌స్కీ అక్కడితో ఆగలేదు. విమానం రెక్కను గాలి ఎలా పైకి ఎత్తుతుందో 1906లో సూత్రీకరించారు. 1918లో మాస్కోలో వాయుగతిశాస్త్ర కేంద్ర సంస్థను స్థాపించారు. ప్రసిద్ధ విమాన రూపశిల్పి తుపోలెవ్ ఆయన శిష్యుడే. రష్యా విమానయాన పితామహుడిగా పేరు పొంది, 1921 మార్చి 17న కన్నుమూశారు. 1947లో మాస్కో దగ్గరి ఒక పట్టణానికి ఆయన పేరు పెట్టారు.

మిత్రులారా, డబ్బు లేక ఒకసారి, పరీక్ష తప్పి మరోసారి ఇంజనీరింగ్ చదువు ఆయనకు అందలేదు. అయినా చేతిలో ఉన్న గణితాన్ని వదలలేదు. చివరికి ఇంజనీర్లే తమ సమస్యతో ఆయన తలుపు తట్టారు. కోరుకున్న కోర్సులో సీటు రాలేదనో, ఒక సబ్జెక్టు పోయిందనో పెట్టె సర్దుకుని ఇంటికి బయలుదేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మాస్టారిని ఒక్కసారి తలచుకోవాలి. రేపటి నుంచి కుళాయిని కాస్త నెమ్మదిగా కట్టాలి కూడా.